అత్త ఏరిన నల్లరాయి

మొన్న వీధితలుపు గాలికి కొట్టుకుంటోందని మా ఆవిడ అటక మీంచి ఓ నల్లరాయి తీసి అడ్డం పెట్టింది. పిడికిలంతే ఉంటుంది గాని, ఎత్తితే మణికట్టు లాగుతుంది. నేను దాచిన వస్తువులు ఈవిడకే ఎలా దొరుకుతాయో! ఆ రాయి కంటపడకూడదనే అటకెక్కించాను.

మా మేనత్త గరివిడి వైపు మాంగనీసు గనిలో ముప్ఫై ఏళ్లు పనిచేసింది. తవ్విపోసిన రాళ్లని చేత్తోనే తూచి, బరువైనవి ఇటు, పనికిరానివి అటు వెయ్యడం, ఆ పనికిరానివి తట్టకెత్తి ఊరవతల పొయ్యడం ఆవిడ పని. పోయగా పోయగా అదో గుట్టయింది. చెయ్యి ఎంత నిఖార్సయినదో నోరూ అంతే. నా పెళ్లిలో బంగాళాదుంపలు తరగమని కూర్చోబెడితే, వాటినీ అరచేతిలో తూచి రెండు కుప్పలు పోసింది. నవ్విన చుట్టాలకి నాలుగు చీవాట్లు పెట్టింది.

గని మూతపడ్డ చాన్నాళ్లకి, రెండువేల పదిహేను ప్రాంతంలో, ఆ గుట్ట మీద గడ్డి పరిచి, మెట్లు కట్టి పార్కు చేశారు. సంతోషిస్తుందని అత్తని నేనే తీసుకెళ్లాను, నా మొహం! తను తట్టతో రొప్పుతూ ఎక్కిన చోట జనం సరదాకి ఎక్కడమేమిటని దారిపొడుగునా తిట్టింది. పైన పూలమొక్కల చుట్టూ అందానికి నల్లరాళ్లు పేర్చారు. నేను వేరుశెనక్కాయలు కొనుక్కొచ్చేసరికి అత్త చతికిలబడి, ఆ రాళ్లన్నీ పీకి రెండు కుప్పలు పోసేసింది. ఎదురుగా కాపలావాడు.

"ఏటే ముసల్దానా, రాళ్లు దొంగిలిస్తన్నావేటి?"

అందరూ మావైపే చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "పెద్దావిడ బాబూ, తెలియక తీసింది, వదిలెయ్" అని వాణ్ణి బతిమాలాను.

అత్త వాడివైపు చూడనైనా లేదు. నావైపే తిరిగింది.

"ఆడెవడో దొంగన్నాడు, అననీ. నాకు రాయి తెల్దని నువ్వన్నావురా."

చేతిలో ఉన్న రాయి కొంగున ముడేసుకుని గుట్ట దిగిపోయింది. మర్నాడు పొద్దున్నే వచ్చి దాన్ని మా గుమ్మంలో పడేసి, దొంగసొత్తు వాడికే ఇచ్చుకోమని వెళ్లిపోయింది. ఆ తర్వాత నాతో మాటల్లేవు. పెళ్లిళ్లలో ఎదురుపడితే నా వెనకున్నవాళ్లని పలకరించేది. కాళ్లావేళ్లా పడ్డాను. ఆనక నాకూ రోషమొచ్చింది, ఒక్క మాటకి ఇంత సాధింపా అని. ఆఖరి రోజుల్లో చూడ్డానికి వెళితే గోడవైపు తిరిగి పడుకుంది.

మొన్న ఆ రాయి అరచేతిలో పెట్టుకుని తూచాను. నా చేతికి బరువుగానే ఉంది గాని, మంచిదో కాదో తెలిసిచావలేదు. ఏళ్లు గడిస్తే ఇద్దరి కోపాలూ చల్లారతాయని కూర్చున్నాను. ఆ ఏళ్లు నా కోపాన్నీ, అత్తనీ తీసుకుపోయి, ఆవిడ కోపాన్ని మాత్రం మా గుమ్మంలో వదిలేశాయి.