నడక సరే, దారిలో చాయ్ సంగతి?

సోమవారం పొద్దున ఆరు గంటల పది నిమిషాలు. మా తోటికోడలి చాయ్‌ని నేను మొదటిసారి కాదన్న సమయం అది.

అంతకు మూడు రోజుల ముందు పెద్దపల్లిలో డాక్టరమ్మ నా షుగర్ కాగితం చూసి మొహం చిట్లించింది.

"నడుస్తున్నవా అవ్వా?"

"ఒక్క దినం నాగా పెట్టలే."

"మరి గింత ఎందుకు పెరిగింది? గిట్లనే ఉంటే కండ్లు పోతయ్."

అరవై దాటాక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నదాన్ని. మంథని బస్సు బోర్డు ఇప్పుడిప్పుడే ఎవరినీ అడగకుండా చదువుకుంటున్నాను. ఇంతలోనే కళ్ళు పోతే ఎట్లా?

నడిచానన్నది అబద్ధం కాదు. కాలువ దాకా పోయి వచ్చిన ప్రతి రోజూ క్యాలెండర్‌లో "నడిచిన" అని రాసుకున్నాను. రాయనిది దారిలో తాగిన చాయ్‌లు. మా ఊళ్ళో పొద్దున్నే వాకిలి ముందు నుంచి పోయే మనిషిని చాయ్ తాగకుండా పోనివ్వరు. వద్దంటే మొహం ముడుచుకుంటారు. తోటికోడలి ఇంట్లో ఒకటి, బీడీలు చుట్టే వదిన ఇంట్లో ఒకటి, తిరిగి వస్తుంటే మా చిన్నమ్మ ఇంట్లో ఇంకొకటి. నడిచి కరిగించినదంతా అక్కడక్కడే మళ్ళీ నింపుకొచ్చాను.

ఆ సోమవారం తోటికోడలు గ్లాసు పట్టుకొనే నిలబడింది.

"రా అక్కా, చిక్కగ పెట్టిన."

"నీ చాయ నా కండ్లు తీస్తది. పొయ్యి బంద్ చెయ్, చెప్పులేస్కో."

"నాకేం షుగర్ లేదు గదా!"

"నువ్వు నాతోని నడిస్తే, నాకు చాయ పోసెతందుకు పొయ్యి కాడ ఎవ్వరుంటరు?"

పకపకా నవ్వి, ఆ చాయ్ తనే తాగేసి బయలుదేరింది. బీడీల వదిన దగ్గర నాకు నోరు తెరిచే పనే పడలేదు. తోటికోడలే ఎగబడింది: "చాయ లేదు, గీయ లేదు, అరుగు దిగు వదినా!"

"గిదేం జబర్దస్తీ, జర కొప్పన్న ముడుసుకోనియ్యి," అంటూనే వదిన దిగింది. చిన్నమ్మ మాత్రం మోకాళ్ళు నొస్తున్నాయని కాసేపు సణిగింది. నేను చెయ్యి పట్టుకొని లేపాను.

తిరిగి వచ్చేసరికి మూడిళ్ళ పొయ్యిలూ చల్లగా ఉన్నాయి. క్యాలెండర్‌లో "నడిచిన" పక్కన "చాయ తాగలే" అని చేర్చాను. ఆ రెండు మాటలూ ఇప్పటికీ రోజూ రాస్తున్నాను. మొన్న కాగితం చూసి డాక్టరమ్మ ఈసారి బాగుందని తలూపింది.

ఆ పొద్దు కాలువ గట్టు మీద ఉన్నది నేను, మా తోటికోడలు, బీడీల వదిన, సణుగుతూనే చివరిదాకా నడిచిన మా చిన్నమ్మ.