ఆల్చిప్పలకు నేను పట్టించిన మడి

ఎనభైల మొదట్లో నేను ఆళ్లగడ్డలో సైన్సు మాస్టరుని. పాఠాలు తక్కువ, ఉపన్యాసాలు ఎక్కువ. దేవుడి దగ్గర్నుంచి దిష్టి గుమ్మడికాయ దాకా నేను ఖండించనిది లేదు. సభలో ఎవరేమడిగినా జవాబు చెప్పేవాణ్ణి. తెలిస్తే మామూలుగా, తెలియకపోతే ఇంకాస్త గట్టిగా.

మా వీధి మొదట్లో కిరాణా కొట్టు నడిపే ఆయన నాకు ఆప్తమిత్రుడు, అంతకు మించి ఆప్తశత్రువు. ఒక సాయంత్రం కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, స్వాతి కార్తె చినుకు తాగితేనే ఆల్చిప్ప బతుకుతుందన్నాడు. నేను భగ్గుమన్నాను.

“చినుకు తాగి బతికేదానికి అదేమన్నా మునీశ్వరుడా? నీళ్లలో కంటికి ఆనని నాచు ఉంటాది. దాన్ని వడగట్టుకోని తింటాది.”

“అట్లయితే నువ్వే సాకు, అయివారా. చినుకు తగలకుండా సాకు. స్వాతి పోయినాంక బతికుంటే నంద్యాల్లో నీ మీటింగుకొచ్చి ముందు వరసలో కూర్చుంటా. సస్తే మాత్రం ఈడికొచ్చి, నలుగురి ముందర ‘నాకు తెలీదు’ అనల్ల.”

ఆ మాట నా నోట ఊళ్లో ఎవరూ విని ఎరగరు. సరేనన్నాను.

కాలువ తూము దగ్గర ఇసక జల్లించి, కందిబేడంత పిల్ల ఆల్చిప్పల్ని దోసెడు తెచ్చాను. వసారాలో చూరు కింద వెడల్పాటి మట్టి తొట్టి పెట్టాను. కలరా రోజుల్లో ఊరూరా తిరిగి నీళ్లు కాచి తాగండని అరిచినవాణ్ణి కదా, కాలువ నీళ్లను అట్లాగే పోస్తానా? పటిక తిప్పి, గుడ్డతో వడగట్టి, కాచి చల్లార్చి పోశాను. ఆల్చిప్పలకు అంటిన బురద కూడా కడిగేశాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆల్చిప్పలు మాత్రం నోరు తెరవలేదు. కొన్నాళ్లకు కొన్ని తెరిచాయి, చచ్చిపోయి.

అప్పుడు నేను నంద్యాల సభకు మడి మూఢత్వం మీద ఉపన్యాసం రాసుకుంటున్నాను. మా ఆవిడ ఆ కాగితాలూ చూసింది, నా చేతిలో వడగట్టే గుడ్డా చూసింది.

“మా అవ్వ మడి కట్టుకున్నా ఇంత చేసేది కాదు. పాపం ఆమె మనుషుల్నే పస్తు పెట్టేది.”

నిజమే. వాటి తిండినంతా నేనే గుడ్డలో పట్టి పారబోస్తున్నాను. తప్పు తెలిసిన సంస్కర్తకు ఆవేశం ఎక్కువ. ఆ మధ్యాహ్నమే తొట్టినిండా గంజి పోశాను. మర్నాటికి వసారాలోకి ఎవరూ రాలేకపోయారు. ఇంకొన్ని పోయాయి.

అప్పుడు బుద్ధిగా తొట్టి కడిగి, అడుగున కాస్త ఇసక పరిచి, కాలువ నీళ్లే తెచ్చి పోసి, బడి భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. పోసిన కాసేపు అవి నోరు తెరిచాయి. సన్నటి తెల్లటి పాదం చాచి, అడుగున ఉన్న ఒండును నాకి లోపలికి లాక్కున్నాయి. పిల్లవయసులో వాటికి కాలే చెయ్యి. కదలని నీళ్లలో నాచు కిందికి దిగిపోతే, దగ్గరున్నది తినేసి మళ్లీ మూసుకున్నాయి. కదిలిద్దామని బిందెతో కుమ్మరించాను. గింగిరాలు తిరిగి మూలకు చేరాయి. ఇక తినడం మాని, ఇసకలోకి దూరి నిలదొక్కుకోవడమే వాటి పనయింది.

అంటే నీళ్లు పారాలి, తోయకూడదు. సన్నగా, ఆగకుండా పడాలి. ఆలోచించి, కుండ అడుగున చిల్లి పెట్టి, అందులో దారప్పోగు దూర్చి, కాలువ నీళ్లు నింపి, తొట్టి మీద ఉట్టిలో వేలాడదీశాను. ఎక్కువైన నీళ్లు తొట్టి అంచు నుంచి మల్లెపాదులోకి పోయేవి. పొద్దున్నే లేచి కుండ నింపడం నా నిత్యకృత్యమైంది. నా కళ్లు ఆల్చిప్పల మీదే ఉన్నాయి గనక ఆ ఏర్పాటు ఎట్లా కనపడుతుందో నాకు తట్టలేదు.

స్వాతి కార్తె పోయిన మర్నాడు కొట్టాయన నలుగురు సాక్షుల్ని వెంటేసుకొచ్చాడు. అది కార్తీకమాసం. తలెత్తి కుండను చూశాడు, ధారను చూశాడు, తొట్టిని చూశాడు. గమ్మున వెనక్కి పోయి గడప బయట చెప్పులు విడిచాడు. మిగతా నలుగురూ విడిచారు.

“చెప్పులెందుకప్పా ఇడుస్తాండారు?”

“శివునికి ధార పడతాంటే చెప్పులతో నిలబడల్నా? నెలంతా చేస్తాండావా, సోమారాలేనా?”

మా ఆవిడ లోపలికి పోయి నవ్వింది. నేను నాచు గురించి, ప్రవాహం గురించి ఆవేశంగా చెబుతూ భూతద్దం ఆయన చేతికిచ్చాను. ఆయన ఓపిగ్గా వంగి చూశాడు. సన్నటి పాదం ఒకటి బయటికి వచ్చింది.

“బతికుండాయి. నువ్వే గెలిచినావ్ పో.” ఇంకా చూస్తూనే ఉన్నాడు. “ధార కిందుండేవి తినడంల్యా. అంచులో ఉండేవీ తినడంల్యా. నడాన ఉండేవే తింటాండాయి. వాటికి ఎంత పారితే సరిపోతాది అయివారా?”

నాలుగు సిద్ధాంతాలు నోటిదాకా వచ్చాయి. భూతద్దం ఆయన చేతిలో ఉంది.

“నాకు తెలీదు” అన్నాను.

“గెలిచినాంక అంటావేందప్పా!” అని ఆయన నన్ను జాలిగా చూశాడు.

నంద్యాల సభలో అన్నమాట ప్రకారం ముందు వరసలో కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకుని మడి మీద విరుచుకుపడబోయే లోపల ఆయనే కేకేశాడు.

“ముందు నీ మడి సంగతి చెప్పప్పా!”

చెప్పాను. ఆ రోజు నా ఉపన్యాసంలో జనం నిద్రపోకుండా విన్నది అదొక్కటే.