పిల్ల శ్రుతిలో భజన

నా చిన్నప్పుడు మా ఇంట్లో వయోలిన్ బిరడాల మీద చెయ్యి వేసే హక్కు మా తాతయ్యకి ఒక్కడికే ఉండేది. మలేషియాలోని బాగన్ దాతుక్‌లో కొబ్బరితోట పని ముగించుకుని వచ్చి, స్నానం చేసి, రామభజనలో ఆ వయోలిన్ వాయించేవాడు. భజనలోని ముసలి గొంతులకి హాయిగా ఉండాలని తీగలన్నీ దించి, ఒకటి శ్రుతిలో పెట్టుకున్నాడు. నాకూ దాని మీదే నేర్పాడు.

నేను పెద్ద స్కూల్లో చేరిన ఏడాది అక్కడి ఆర్కెస్ట్రాలో ఒక వయోలిన్ తక్కువైంది. మ్యూజిక్ టీచర్, చైనీస్ ఆవిడ, నాకొక క్యాసెట్ ఇచ్చి నేర్చుకురమ్మంది. ఎవరో జర్మన్ స్వరకర్త రాసిన సింఫనీలో ఒక భాగం, డి మేజర్‌లో. బాగా వాయిస్తే చోటు, లేకపోతే లేదు. ఆ చోటు మీద ఆశతో నాకు అన్నం కూడా సయించలేదు.

ఈ మేజర్లూ మైనర్లూ నాకెక్కడ తెలుసు? ఏ పాట విన్నా మన షడ్జానికి తెచ్చుకుని పాడుకోవడమే మా ఇంటి పద్ధతి. ఆ సింఫనీని కూడా తాతయ్య శ్రుతికి దించుకుని, ఒక్క స్వరం పొల్లుపోకుండా కంఠతా పట్టాను.

కచేరీ ముందురోజు ఆఖరి రిహార్సల్, నన్ను పరీక్షించేది అందులోనే. ఆ సాయంత్రమే శ్రీరామనవమి భజన. తాతయ్య నన్ను మోటార్‌సైకిల్ మీద తీసుకెళ్ళి, హాలు గుమ్మం దగ్గర కూర్చున్నాడు. అందరూ ఎత్తుకున్నారు, నేనూ ఎత్తుకున్నాను. చెవుల్లో ఇసుక పోసినట్టయింది. పిల్లలు పగలబడి నవ్వారు.

టీచర్ నవ్వలేదు. సింఫనీ రాసినాయన ఏ శ్రుతి పెడితే అదే శాసనమని చెప్పింది. ఉగ్రంగా ఉండాలంటే సి మైనర్ ఎంచుకున్నవాళ్ళున్నారట. డి మేజర్ అంటే వయోలిన్ తీగలు వాటంతటవే మోగుతాయని చాలామందికి మక్కువట. నా వేళ్ళు సరిగ్గానే ఉన్నాయి, తీగలే కిందున్నాయి. పైకి బిగించబోయి, వాటి తుప్పు చూసి ఆవిడ చెయ్యి తీసేసింది. తెగితే మళ్ళీ కౌలాలంపూర్ నుంచి తెప్పించాలి. నాకివ్వడానికి స్కూల్లో ఇంకో వయోలిన్ లేదు.

తాతయ్య లేచి వచ్చి వయోలిన్ అందుకున్నాడు. వద్దు తాతా, సాయంత్రం భజనుందన్నాను.

"ఉంటే ఉంటాది. నువ్వూరుకో," అన్నాడు.

బిరడా తిప్పుతుంటే కర్ర కిర్రుమంది. మొదటిది నిలిచింది. రెండోది, మూడోది కూడా ఎలాగో నిలిచాయి. సన్నతీగని ఇంకొంచెం తిప్పేసరికి అది టప్పున తెగి ఆయన వేలు కోసింది. నేను బావురుమన్నాను.

"మూడున్నాయి కదే, ఏడుపెందుకు? వాయించు!"

పై స్వరాలు మూడో తీగ మీదే ఎలా అందుకోవాలో టీచర్ చూపించింది. వాయించాను. చోటు దొరికింది. సంతోషించాల్సిందే గాని, నా బుద్ధంతా సాయంత్రం భజన మీదే ఉంది.

గుడిలో తాతయ్య ఆ మూడు తీగలతోనే, స్కూలు కోసం బిగించిన రెండు శ్రుతిలోనే మొదలుపెట్టాడు. పై స్థాయికి వెళ్ళేసరికి గొంతులు కీచుమన్నాయి. భజన నడిపించే పెద్దాయన తాళం ఆపేసి, మాటకి మలయ్ వాళ్ళ 'లా' తగిలించి అరిచాడు.

"ఏటి బావా ఇది? గొంతు సిరిగిపోతాంది లా! కిందకి దించు."

"ఇప్పుడు దించి ఇంకోపాలి బిగిస్తే ఉన్నవీ తెగిపోతాయి. రేపు పిల్ల స్కూల్లో వాయించాల. ఈ ఒక్క పూటా పిల్ల శ్రుతిలో పాడండి," అన్నాడు తాతయ్య.

పండగ భజన నా మూలంగా ఆగిపోయిందని నేను తల దించుకున్నాను. పెద్దాయన నా వంక చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని తాళం వేశాడు. బొంగురు గొంతులన్నీ మెడనరాలు ఉబ్బేలా పై స్వరానికి ఎగబాకాయి. సగం అందలేదు, అయినా హారతి దాకా ఎవరూ ఆపలేదు.

ఇప్పుడు నా మనవలకి నా తెలుగు అర్థమవుతుంది గాని, జవాబు ఇంగ్లిష్‌లో వస్తుంది. ఒళ్ళు మండుతుంది, దాచడమెందుకు. కోప్పడదామని నోరు తెరిచేసరికి ఆ ముసలి గొంతులు గుర్తొస్తాయి. కోపం మింగి, నాకొచ్చిన నాలుగు ఇంగ్లిష్ ముక్కల్తోనే కథ ఎత్తుకుంటాను. వాళ్ళు పడీపడీ నవ్వుతారు, కానీ కథ అయ్యేదాకా నా పక్కనుంచి లేవరు.