వారం అడిగితే ఒక్కరోజు ఇచ్చాను

నేను తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టు వాళ్ల ఇంట పుట్టిన మనిషిని. ఎదుటివాళ్లు చెప్పినదాంట్లో సగానికి దిగి మొదలుపెట్టకపోతే నాకు తిన్నది అరగదు. అలాంటి నేను ఇన్నేళ్లలో చేసిన బేరాలన్నిటిలోకీ మేలైనది 2023లో, ఏలూరులో, మా డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్ గుమ్మంలో నిలబడి చేశాను. వారం రోజులు అడిగిన మనిషిని ఒక్కరోజుకి ఒప్పించాను. ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ మీటింగులో నా పేరు చెప్పి మరీ మెచ్చుకున్నారు.

నేను చెప్పే సబ్జెక్టు కామర్స్. దాంతోపాటు కాలేజీ మొత్తానికి అవుట్‌కమ్స్ కోఆర్డినేటర్ని. కోర్స్ అవుట్‌కమ్ అంటే, ఫలానా కోర్సు అయ్యాక విద్యార్థికి ఏం చేతనవ్వాలో ముందే రాసుకునే మాట. అది ఎంతమందికి చేతనయిందో లెక్కగట్టి తేల్చేది అటైన్‌మెంట్. మా దగ్గర దానికి ఒకటి నుంచి మూడు దాకా స్థాయిలు. ఆ యేడు కాలేజీకి గ్రేడు ఇచ్చే బృందం రాబోతోంది. నాకు ఎక్కడ చూసినా మూడే కనబడాలి.

ఆక్వాకల్చర్ కోర్సులో ఒక అవుట్‌కమ్ ఉంది: చెరువు నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్ విద్యార్థి స్వయంగా కొలవగలగాలి. ఆ కోర్సు సుబ్బారావు గారిది. నాకంటే పెద్దాయన, నెమ్మదస్తుడు.

“ఒక్కొక్కరి చేతా విడిగా చేయించి, పక్కన నిలబడి చూడాలి మేడమ్ గారూ. వారం ఇప్పించండి.”

“వారమా! ఈలోపు చేపలు గుడ్లు పెట్టి, పిల్లలై, మార్కెట్టుకి కూడా వెళ్లిపోతాయండీ. ఒక్కరోజు.”

“పోనీ అయిదు రోజులండీ.”

“ఆరుగుర్ని ఒక బ్యాచ్ చేయండి. బ్యాచ్‌కి ఒక టెస్టు, వచ్చిన మార్కు ఆరుగురికీ. సాయంత్రానికి అయిపోతుంది.”

“బ్యాచ్‌కి వచ్చని తేలుతుంది గానీ మనిషికి వచ్చని తేలదు కదండీ.”

“బస్తా మూతి దగ్గర నాలుగు మంచి కాయలు కనబడితే చాలు సుబ్బారావు గారూ. అడుగుదాకా కుమ్మరించి చూసేవాడు మా గూడెం బజార్లోనే లేడు.”

ఆయన నవ్వేశారు. నవ్వించానంటే బేరం కుదిరినట్టే. అటైన్‌మెంట్ మూడు వచ్చింది. బృందం వచ్చి, చూసి, తలూపి వెళ్లింది.

అలా మార్కులు వేసిన ఒక బ్యాచ్‌లో నస్రీన్ అనే అమ్మాయి ఉండేది. ఏలూరు పిల్లే, వాళ్ల నాన్నది టైలరింగ్. చెరువు గట్టు ఎక్కి ఎరగదు గానీ శ్రద్ధగల మనిషి. కోర్సు కాగానే పెదపాడు వైపు చేపల చెరువులున్న రాజు గారి దగ్గర నీళ్ల పరీక్షలు చేసే ఉద్యోగం దొరికింది. వాళ్లింట్లో నెలజీతం అన్న మాట వినబడటం అదే మొదలు. రాజు గారు తీసుకునేముందు, కోఆర్డినేటర్నని నాకు ఫోన్ చేశారు.

“అమ్మాయికి పని వచ్చాండీ?”

“మూడుకి మూడండీ రాజు గారూ. కళ్లు మూసుకుని తీసుకోండి.”

కళ్లు మూసుకోమన్నది నేనే. ఆ వానాకాలంలో ఒక ఉదయం మళ్లీ ఆయనే ఫోన్ చేశారు. అరవలేదు. “మేడమ్, మీరూ, ఆ పాఠం చెప్పిన మాస్టారూ ఒకసారి వచ్చి చూస్తే బాగుంటుందండీ” అన్నారు, అంతే.

సుబ్బారావు గారూ నేనూ వెళ్లాం. గట్టెక్కి చూశాం. నీళ్లు కనబడటం లేదు. బొచ్చె చేపలు, ఒక్కొక్కటి మోచెయ్యంత, తెల్లటి పొట్టలు పైకి పెట్టి ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా తేలి ఉన్నాయి. అక్కడక్కడ ఇంకా ప్రాణమున్నవి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు అన్నం ముందు గుర్తొస్తుంది.

“వారం నుంచి ముసురు కదండీ, ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది” అన్నారు రాజు గారు. “ఎప్పుడూ అయితే మబ్బు చూసి, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పేసేవాణ్ణి. ఈసారి అమ్మాయి రోజూ పొద్దున్నే కొలిచి ఆక్సిజన్ బాగానే ఉందంది. చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని ఆగాను.”

నస్రీన్ మోటారు షెడ్డు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం కూడా లేదు. నాకు పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? “కిట్ పాతదేమోనండీ, మందులు పాడయ్యాయేమో” అని మొదలుపెట్టాను. సుబ్బారావు గారు నా మాట పట్టించుకోకుండా, “ఒకసారి చేసి చూపించమ్మా” అన్నారు.

ఆ పిల్ల మగ్గుతో నీళ్లు ముంచి, పైనుంచి సీసాలోకి గుడగుడమని పోసింది.

ఆయన కళ్లు మూసుకున్నారు. సీసాని నీళ్లలోకి ముంచి, లోపలే నింపి, లోపలే మూత పెట్టాలట. ఒక్క బుడగ చేరినా కొలత తప్పు. వారం రోజులుగా ఈ పిల్ల కొలుస్తున్నది చెరువులో ఉన్న ఆక్సిజన్ కాదు, పోసేటప్పుడు కలిసిన గాలి.

“ల్యాబ్‌లో ఇలాగే చేశావా?” అని అడిగాను.

“ల్యాబ్‌లో నేను చేయలేదండీ మేడమ్. మా బ్యాచ్‌లో ప్రసాద్ చేశాడు. మేం రాసుకున్నాం.”

“మరి రాదని రాజు గారికి ముందే చెప్పాలి కదమ్మా!”

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. “ఎలా చెప్తానండీ? ఫుల్ మార్కులు వేశారు కదా. నాకు అనుమానంగానే ఉండేది గానీ, మీరందరూ చూసి వేసుంటారు, నాకే తెలియడం లేదు, వచ్చే ఉంటుందిలే అనుకున్నాను.”

అప్పటిదాకా ఆ మార్కుని ఎవరు చదువుతారని అడిగితే బృందం, ప్రిన్సిపాల్, నేను అని చెప్పి ఉండేదాన్ని. ఆ పిల్ల కూడా చదువుకుంటుందని, చదివి తన గురించి తను తెలుసుకుంటుందని, ఇన్నేళ్ల కోఆర్డినేటర్ని, ఒక్కసారైనా అనుకోలేదు.

రాజు గారిని బతిమాలాను. “తప్పు కాలేజీదండీ, పిల్లది కాదు. నేర్పించి పంపుతాం, ఉంచుకోండి.” ఆయన తల అడ్డంగా ఊపారు. “కోపం లేదండీ. కానీ రేపు ఆ అమ్మాయి బాగుందని చెప్తే నాకు నిద్ర పట్టదు కదండీ.”

తర్వాత సుబ్బారావు గారికి ఆయన అడిగిన వారం ఇచ్చాను. ఆ యేటి విద్యార్థులకి కబురు పెడితే, వీలైనవాళ్లంతా మళ్లీ ల్యాబ్‌కి వచ్చారు. ఒక్కొక్కరూ విడిగా. ఎక్కువమంది మగ్గుతోనే పోశారు. నస్రీన్ చివరి రోజు వచ్చింది, నేర్చుకుంది, ఒక్క బుడగ లేకుండా నింపింది. “సరిగ్గా చేశావమ్మా” అన్నాను.

“నిజంగానా మేడమ్?” అంది. వెక్కిరింత కాదు. తెలుసుకోవాలనే అడిగింది. నేను చెప్పాక కూడా సుబ్బారావు గారి వైపు తిరిగి ఆయన మొహం చూసింది.

ఇక బిల్లు. నాకు మిగిలింది ఆరు రోజులు. అవీ చివరికి మిగల్లేదు, తిరిగి ఇచ్చేశాను. చెరువు నష్టం రాజు గారు భరించారు. ఉద్యోగం నస్రీన్‌కి పోయింది, ఇప్పుడు నాన్నగారి షాపులో గుండీలు కుడుతోందని విన్నాను. మళ్లీ చెరువు వైపు పంపడానికి వాళ్లమ్మ ఒప్పుకోలేదట. పైకి వెళ్లిన రిపోర్టులో మూడు మూడుగానే ఉంది. దిద్దుదామంటే ప్రిన్సిపాల్ గారు వచ్చే యేడు చూద్దామన్నారు, నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. కోఆర్డినేటర్ కుర్చీలో ఇంకా నేనే ఉన్నాను. అందరి వాటాలూ వేసి చూశాను. నా వాటాకి కట్టాల్సింది ఏమీ రాలేదు.