యాదగిరన్న ఇవ్వని పార్సిల్

మాదాపూర్‌లోని మా ఆఫీసులో సేల్స్ సాఫ్ట్‌వేర్ తయారవుతుంది. కస్టమర్ల ఫైళ్లను వెతికి, ఉద్యోగులు అడిగిన పనులు చేసిపెట్టే ఏఐ ఏజెంట్‌కు అందించే కొత్త టూల్ ఎలా పనిచేస్తుందో రాసిపెట్టడం నా పని. "ఫైలు నంబర్ ఇస్తే ఫైలు వస్తుంది" అని పొద్దున ఒక్క వాక్యంలో తేల్చేశాను.

మధ్యాహ్నం పక్క సీటు స్వప్న తన పార్సిల్ తెచ్చిపెట్టమంది. గేటు దగ్గర సెక్యూరిటీ యాదగిరన్నకు పార్సిల్ నంబర్ చెప్పాను. ఆయన డబ్బా తీసి, దాని మీది పేరు చూసి, మళ్లీ లోపల పెట్టేశాడు.

"నంబర్ కరెక్టే చెప్పిన గదన్నా! నేనెవరో తెల్వదా?"

"రోజు చూస్తనే ఉన్న మేడం. గని డబ్బా మీది కాదు గద. ఆమెనే రమ్మనుండ్రి, లేకుంటె నాకు ఒక ఫోన్ చెయ్యమనుండ్రి."

ఒళ్లు మండింది. లిఫ్ట్ మూడో అంతస్తు దాటేసరికి చల్లబడింది. సీట్లో కూర్చోగానే నా వాక్యం పక్కన ఇంకోటి చేర్చాను: "నంబర్ తెలిస్తే చాలదు, అడిగినవారికి ఆ ఫైలు చూసే అనుమతి కూడా ఉండాలి."

సాయంత్రం మేనేజర్ సరిగ్గా ఆ వాక్యాన్నే మెచ్చుకుని, ఎలా తట్టిందని అడిగారు. అనుభవం అన్నాను. ఎవరిదో చెప్పలేదు.

మీరైతే చెప్పేవారా?