స్తోయ్మెంక పిన్ని గొర్రెపిల్ల

గొర్రెపిల్లని మేం ఆగ్నె అంటాం. పెరట్లో అరిచేదీ అదే, సెయింట్ జార్జ్ పండక్కి పొయ్యెక్కేదీ అదే. చర్చిలో మాత్రం ఆగ్నెత్స్ అంటే రొట్టె ముక్క. ముద్ర వేసిన రొట్టె నడిమి భాగాన్ని ఫాదర్ చిన్న ఈటెతో కోసి తీస్తాడు. ఇక అది మాకు రొట్టె కాదు, లోకం పాపాలు మోసే దేవుడి గొర్రెపిల్ల.

మా వీధి స్తోయ్మెంక పిన్ని కాపురానికొచ్చిన నాటినుంచీ ఆ రొట్టె చేస్తోంది. దానికో కట్టుబాటుంది. ఎవరిమీదైనా కక్ష ఉంటే పిండి తాకకూడదు.

పిన్ని ఒక్కగానొక్క కొడుకు రాంగెల్, మా వీధి మిన్చో నడిపే దుంగల లారీ కింద పడి చనిపోయాడు. మిన్చో తాగి నడిపాడు. జైలుకెళ్లొచ్చి ఇప్పుడు ఎదురింట్లోనే ఉంటున్నాడు. ఫాదర్ మెతోడి ప్రతి వారం, "ఎవరిమీదైనా కోపముందా అమ్మా?" అని అడుగుతాడు. "లేదు ఫాదర్," అని పిన్ని అబద్ధమాడేది.

"కక్షతో పిసికితే రొట్టె మీద ముద్ర పగులుతుందని చూశానే. చక్కగా పొంగి చస్తోంది! దేవుడికి నా కడుపుకోత పట్టలేదా?" అని నా దగ్గర ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది, ఎవరిమీదో చెప్పలేను.

పండగ ముందురోజు పిన్ని ఫాదర్‌కి నిజం చెప్పేసింది. ఆయన తల పట్టుకున్నాడు.

"రేపు ఊరంతా వస్తుంది. చేసేవాళ్లు ఇంకెవరూ లేరు. ముందు వాడితో మాట్లాడమ్మా."

తోడుగా నన్ను లాక్కెళ్లింది. గుమ్మం దాటకుండానే అంది: "నిన్ను క్షమించలేదురా."

మిన్చో తలెత్తలేదు. "తెలుసు పిన్నీ. అందుకే చర్చికి రావట్లేదు. నీ చేతి రొట్టె నా గొంతు దిగదు."

"ఫాదర్ కోశాక అది నాది కాదు. నీలాంటివాళ్ల పాపాలు మొయ్యడానికే ఉంది. రేపు వచ్చి చావు. రాకపోతే ఇంక నేను పిండి ముట్టను."

వచ్చాడు. రొట్టె ఎప్పటిలాగే బాగా పొంగింది. ద్రాక్షరసంలో నానిన ఆ ముక్కల్ని ఫాదర్ అందరికీ ఒకే చెంచాతో నోట్లో పెడతాడు. వరసలో మిన్చో వెనకే పిన్ని నిలబడింది. కావాలనే నిలబడిందో, జనం తోసుకుంటే అలా పడిందో నాకు తెలీదు.

మిన్చో పుచ్చుకుని పక్కకి తప్పుకున్నాడు. వాడి నోట్లోంచి వచ్చిన చెంచా పిన్ని ముందుకొచ్చింది. పెదవులు బిగించేసింది. వెనక వరస ఆగిపోయింది. నేనైతే ఆ చెంచాని విసిరికొట్టేదాన్ని.

చివరికి నోరు తెరిచింది.

బయటికొచ్చి మెట్లమీద కూలబడింది. ఇళ్లలోంచి మాంసం కాలుతున్న వాసన వస్తోంది. నా నోరు ఊరుకోదుగా, అడిగేశాను.

"క్షమించావా పిన్నీ?"

గొంతు మీద చెయ్యి పెట్టుకుంది.

"మింగానే. ఇంకా ఇక్కడే ఉంది."