గోడౌన్ పిల్లికూనలూ, గంధకం నీళ్ళూ

మా అత్తగారిని మెచ్చుకోవడం నాకు ఆలస్యంగా అబ్బింది. తమిళనాట సింగానల్లూరులో మిల్లు కార్మికుల లైన్ ఇళ్ళకు నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె మాట వింటేనే ఒళ్ళు మండేది. గిన్నెలు తోమడానికో వరస, బట్టలు ఆరెయ్యడానికో వరస. మిల్లులో నూలు చుట్టే వైండింగ్ పని చేసీ చేసీ ఈవిడ కంటికి ఇల్లు కూడా మిల్లులాగే కనిపిస్తోందని సణుక్కునేదాన్ని.

ఆ ఏడు పత్తి గోడౌన్‌లో ఎలుకల్ని పట్టే పిల్లి, మూడు పిల్లల్ని కని, పదిరోజులకే పత్తిమూటల బేళ్ళ కింద పడి చచ్చిపోయింది. వాచ్‌మన్ ఆ కూనల్ని గోనెపట్టాలో చుట్టి మా అత్తకిచ్చాడు. ఎలుకని పట్టే వయసు వచ్చేదాకా పెంచి తిరిగి అప్పజెప్పమన్నాడు. అప్పటికి నా ఒళ్ళో ఎనిమిది నెలల బిడ్డ. మాకే జరుగుబాటు అంతంతమాత్రం, పైగా పిల్లుల పెంపకమొకటా అని నేను మూతి ముడిచాను. ఆమె పట్టించుకోలేదు. దూది వత్తిని పాలలో ముంచి ఒక్కొక్కదాని నోట్లో పిండుతూ కూర్చుంది.

నెల తిరిగేసరికి వాటిలో చిన్నదానికి చెవి అంచున గుండ్రంగా వెంట్రుకలు రాలి, పొట్టు లేచింది. నాలుగు రోజులకి రెండోదాని కాలి మీద అలాంటిదే మచ్చ. మూడోది ఆడకూన, దానికొక్కదానికే ఒళ్ళు శుభ్రంగా ఉంది. పక్కింటావిడ తొంగిచూసి, “అది సొరి, గజ్జి జబ్బు. బిడ్డకి అంటుకుంటాది, చెరువు పక్కన వదిలేయండి” అంది. నాకూ అదే న్యాయంగా తోచింది. మా ఆయన అయితే ఆదివారం సంచిలో వేసుకుని పోతానని తేల్చేశాడు.

మా అత్త సెలవు పెట్టి, కూనల్ని బుట్టలో పెట్టుకుని, టౌన్ బస్సెక్కి పశువుల ఆస్పత్రికి పోయింది. ఎద్దుల్నీ ఆవుల్నీ తోలుకొచ్చిన వాళ్ళ మధ్య పిల్లికూనలతో వరసలో నిలబడితే అందరూ నవ్వారట. డాక్టరు మాత్రం నవ్వలేదట. చూడ్డానికి తామరలా ఉంది, కంటితో ఖాయంగా చెప్పలేను, తామరే అనుకుని జాగ్రత్తపడండి, మనుషులకీ అంటుతుంది అన్నాడట. గంధకం, సున్నం కలిపి కాచిన మందు ఇచ్చి, ఎన్ని నీళ్ళు కలపాలో చెప్పి, వారానికి రెండుసార్లు తడపమన్నాడు. వెంట్రుకలు వచ్చాయని ముందే ఆపొద్దన్నాడు.

ఇంటికొచ్చి కొడుకుతో బేరం పెట్టింది. “ఆరు వారాలు ఇయ్యి నాయనా. బిడ్డ ఒంటి మీద ఒక్క మచ్చ కనిపించినా నేనే తీసుకపోయి వదిలేస్తాను.”

అక్కడినుంచి మొదలైంది ఆమె వరస. వైండింగ్‌లో సన్ననూలు, ముతకనూలు కలిస్తే సరుకంతా పాడు. అందుకని ఒక్కో నంబరు నూలుకి ఒక్కో రంగు గుర్తు పెట్టుకుంటారు. ఆమె వెనక పంచలో మూడు బుట్టలు ఎడంఎడంగా పెట్టి తెల్లదారం, పచ్చదారం, ఎర్రదారం కట్టింది. పాలచిప్పకీ తుడిచే గుడ్డకీ అదే రంగు దారం. శుభ్రంగా ఉన్న తెల్లదారం కూనకి ముందు పాలు, తరవాత పచ్చదారం, అన్నిటికన్నా చివర ఎర్రదారం బుట్టలోని చిన్నది. ఒక్కరోజూ ఈ వరస తప్పలేదు. పని అవగానే చేతులు కడుక్కుని, ఆ పనికనే కట్టిన పాతచీర విప్పి వేణ్ణీళ్ళలో ఉడకేసి ఎండలో ఆరేసేది. నేను ఎన్నాళ్ళుగానో తిట్టుకున్న ఆ చాదస్తమే నా బిడ్డకీ ఆ జబ్బుకీ మధ్య గోడలా నిలబడింది. అది ఒప్పుకోడానికి నాకు నోరు రాలేదు.

మందు వాసన మాత్రం కుళ్ళిన గుడ్డే. లైన్‌లో వాళ్ళు ముక్కులు మూసుకుని పోయేవాళ్ళు. “మీ ఇంట్లో ఏం వంట?” అని ఎగతాళి చేస్తే, “విందుకి రాండి, చెప్తాను” అనేది మా అత్త.

మూడోవారంలో చిన్నదాని మచ్చ చెవి మీదనుంచి నుదుటి మీదికి పాకింది. నాకు భయం పట్టుకుంది. మా లైన్‌లో దురదకైనా, పుండుకైనా మిల్లులో కదుళ్ళకి పోసే స్పిండిల్ ఆయిలే మందు. మగవాళ్ళు చేతులకి అదే రాసుకునేవాళ్ళు. తొందరగా తగ్గితే తొందరగా పీడ వదులుతుందని, అత్త పనికి పోయిన పొద్దు, ఆ నూనె కూన తలకీ మెడకీ బాగా పట్టించాను. అది నాకుతుందన్న ఆలోచన నాకు తట్టలేదు. మధ్యాహ్నానికి నోటినుంచి చొంగ కారుతూ, గుడ్డపేలికలా వాలిపోయింది.

మూడు గంటలకి అత్త వచ్చింది. వాసన చూసింది. “ఎంత పెట్టినావు?” అని మాత్రం అడిగింది. గబగబా శనగపిండి చల్లి నూనె పీల్పించి, గోరువెచ్చని నీళ్ళతో కడిగింది. అది వణుకుతుంటే పాతచీర కట్టుకోవడం కూడా మరిచి, మెడకానించుకుని కొంగు కప్పి కూర్చుంది. దీపాలు పెట్టేవేళకి కూన కళ్ళు తెరిచింది.

మా ఆయన వచ్చి నూనె ఎవరు పూశారని కేకలేశాడు.

“నేనేరా. ముసలిదాన్ని, బుద్ధి లేకపోయింది” అంది ఆమె.

ఆయన తల్లిని అరగంట తిట్టాడు. నేను బిడ్డకి అన్నం పెడుతూ అక్కడే ఉన్నాను. అంత సిగ్గు నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

పదిరోజులకి ఆమె మెడ మీద గుండ్రటి ఎర్రమచ్చ తేలింది. కొంగు కప్పుకుంటే మిల్లులో ఎవరికీ కనబడదన్నాను.

“నా పక్కన నిలబడేదానికీ బిడ్డలుండారు గదా, అమ్మణీ” అని, మేస్త్రీకి తనే పోయి చూపించింది. నయమయ్యేదాకా రావద్దని పంపేశారు.

ఇంట్లో ఆమె బిడ్డనీ ముట్టుకోలేదు, తెల్లదారం కూననీ ముట్టుకోలేదు. గంధకం నీళ్ళ గిన్నె నా ముందు పెట్టి, “ఇంగ నువ్వు చెయ్యి” అంది.

“చిన్నదాన్ని కూడానా? మళ్ళీ తప్పు చేస్తే?”

“ఒగసారి కాలిన చెయ్యి నిప్పు దగ్గర బద్రంగానే ఉంటాది.”

గడప అవతల కూర్చుని ఆమె చెబుతుంటే నేను చేశాను. తెల్లది ముందు, ఎర్రది చివర. ఆరు వారాలు ఎనిమిదయ్యాయి, మా ఆయన లెక్క అడగలేదు. బిడ్డకి ఒక్క మచ్చా రాలేదు. చిన్నదాని నుదుటి మీద సన్నటి నూగు కనిపించినరోజు నేను ఏడ్చాను. ఆమె మెడ కూడా మానింది.

మూడింటినీ గోడౌన్‌కి తీసుకుపోయాం. వాచ్‌మన్ ఒక్కొక్కదాన్ని ఎత్తి చెవులూ, కాళ్ళూ తిప్పి తిప్పి చూశాడు. చిన్నది అతని చేతిలోంచి దూకి బేళ్ళ మధ్యకి పరుగెత్తింది.

“ఇది బతుకుతుందనుకోలేదు. ఎవరు కాపాడారు దీన్ని?” అని తమిళంలో అడిగాడు.

మా అత్త వెనక్కి తిరిగి నా వైపు చెయ్యి చూపించింది.

“మా కోడలు” అంది.